నీటియొడ్డు వెదురుకుటీరములు

(మేదర మహాసభయందు చేసిన యుపన్యాసము)

మేదర కేతయ్యగారిని స్మరించుకొను మనకు వెదురు జీవనాధారము. కావున నేడు వెదురుతో గట్టిన బసలనుగూర్చి ముచ్చటింపదలచితిమి.

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమునగల పర్ణశాలయందు లక్ష్మణస్వామి అన్నకును వదినెకును కుటీరము నిర్మించెనని స్థలపురాణము. ఒక కుటుంబము తనకై తానే నీటియొడ్డున గట్టుకొన్న బస యనిన, ఈ సీమలో మొదట స్ఫురించునది యదియే.

దిగువను పాపికొండలదారిలో కొల్లూరుకడ యాత్రికులకై వెదురుకుటీరములు వెలసినవి. వేడుక క్రొత్తది, పని ప్రాతది. అచ్చటి కొండరెడ్లు తమ యిండ్లను తరతరములుగా ఇంటిల్లిపాదియు గూడి కట్టుకొనుచున్నారు. హైమండార్ఫు పండితుడు వారినిగూర్చి 1945లో ప్రకటించిన గ్రంథమున, వెదురు నరకు ఆ జనులు వర్తకుల యప్పులలో జిక్కిన వైనము గలదు. మనవారిలో ఆ కథ యెరుగనివారెవ్వరు?

పనిమాట కొంత చెప్పెదము. సాధనవెదురు మూడేండ్లైనను ముదిరినగాని గుంజకు పనికిరాదు. లేతగడ చూపునకు సొగసే కాని, త్వరలో పుచ్చి పిండియై రాలును. వానలు వెడలినపిదప నరకి, నీట నానవేసి, నీడనారబెట్టవలయును. గుత్తదారులు ఈ జాగును వృథావ్యయముగా నెంతురు. అట్టి కుటీరములు రెండు వానలకే యొరిగిపోవుట మేము కొన్నిచోట్ల కన్నులార జూచితిమి.

1927 నాటి అటవీశాసనము వెదురును వృక్షములలో జేర్చెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము దానిని చిన్నతరహా అటవీఫలసాయములలో నుంచెను. 2017లో, అడవికి వెలుపల పెరుగు వెదురు వృక్షము కాదని సవరించిరి. అది గడ్డిజాతి యని మన యవ్వలు చెప్పినయెడల నెవరు వినిరి!

2019 సెప్టెంబరు 15న కచ్చులూరుకడ పడవ మునిగి పెక్కండ్రు మరణించిరి. విహారయాత్రలు చాలకాలము నిలిచెను. ఇక పోలవరము జలాశయము 150 అడుగుల మట్టమునకు నిండెనా, ఆ నదియే సరస్సగును. ఒడ్డుపల్లెలు పెక్కు అడుగున బడును. క్రొత్తయొడ్డునను అతిథిగృహములు లేవకపోవు. వానికి మనలను, కొండరెడ్లను కూలికి బిలుతురో, పాలికి బిలుతురో!

కావున ముంపునకు ముందే కొండరెడ్ల యిండ్ల కొలతలును, తడికల యల్లికయు, కట్టువిధములును వారినే యడిగి, చెప్పినవారి పేళ్లతో వ్రాయించుటకై ఇద్దరు యువకులను, వారి పడవఖర్చును ఈ సభ యేర్పరుపవలెనని మా ప్రార్థన. పుష్యమాసమున నీరు తగ్గియుండును. అప్పుడు బయలుదేరిన పని సాగును.