ఎద్దు కుంటలేదు, వీడియో కుంటింది!

ఈ రోజు ఎపిసోడ్ మా శిరివెళ్ల నుంచే. టాపిక్ మోషన్ బ్లర్. ముందు ఒక ఎద్దు గురించి చెప్పాలి.

మా చిన్నాయనకి బండలాగుడుకి తయారు చేసిన ఎద్దుల జత ఉంది. అమ్ముదామంటే, పొద్దుగూకే టైంలో నేనే ఫోన్‌తో వీడియో తీసి, ఆళ్లగడ్డ దగ్గర ఒకాయనకి మెసేజింగ్ యాప్‌లో పంపినా. ఆయన ఫోన్ చేసి, "ఏమన్నా, దాపటి ఎద్దు ఎనక కాలు ఈడుస్తాందే?" అన్నాడు. ఎద్దు కాలు శుభ్రంగా ఉంది. కానీ బేరం ఆగిపోయింది. బీటెక్ చదివి, కోడ్ రాసి, నేనే ఇట్లా చేస్తే ఎట్లా?

ఇక్కడ రెండు సమస్యలు కలిశాయి.

ఒకటి, బ్లర్. వెలుతురు తగ్గితే ఫోన్ ఒక్కో ఫ్రేముకి ఎక్కువ సేపు వెలుగు పడనిస్తుంది. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో అది 1/30 సెకను దాకా పోవచ్చు. ఆలోపు గిట్ట ఎంత కదిలితే అంతా ఒకే బొమ్మలో అలుక్కుపోతుంది.

రెండోది, కంప్రెషన్. యాప్ వీడియోని పంపేముందు సైజు తగ్గిస్తుంది. 2003లో వచ్చిన ఎచ్.264నే చూడండి. ఫ్రేముని 16×16 పిక్సెళ్ల గళ్లుగా కోసి, "ఈ గడి పోయిన ఫ్రేములో అక్కడుంది, ఇక్కడికి జరుపు" అని రాసుకుంటుంది. జరిపాక మిగిలిన తేడాని విడిగా దాస్తుంది.

గిట్ట నేల మీద ఆనినప్పుడు షార్ప్‌గా ఉంటుంది, లేచినప్పుడు అలుక్కుపోతుంది. షార్ప్ గడిని ఎంత జరిపినా అలుక్కుపోయిన గడి రాదు కదా! తేడా పెద్దది, చేతిలో ఉన్న బిట్లు తక్కువ. దాంతో ఎన్‌కోడర్ ఆ తేడాని ముతకగా సరిపెట్టేస్తుంది. పాత ఫ్రేములోని కాలు కొంచెం వెనకే మిగిలిపోయినట్టు కనిపిస్తుంది. ఆయన చూసిన "ఈడ్చడం" అదే.

దీని మీద రీసెర్చ్ ఉంది. 2005లోనే మధుకర్ బుడగావి ఐఈఈఈ ఇమేజ్ ప్రాసెసింగ్ సదస్సులో బ్లర్ కాంపెన్సేషన్ మీద పేపర్ ఇచ్చారు. ఐడియా సింపుల్: పాత ఫ్రేముని కూడా బ్లర్ చేసి పోల్చితే తేడా తగ్గుతుంది. కానీ మన ఫోన్లలో ఉండే ఎచ్.264, ఎచ్.265లలో దీనికంటూ ప్రత్యేక టూల్ లేదు. కాబట్టి జాగ్రత్త తీసేటప్పుడే పడాలి.

నేనేం చేశానంటే, పొద్దున ఎండలో తీశా. ప్రో మోడ్‌లో షట్టర్ 1/250 పెట్టా. ఫోన్‌ని చేత్తో పట్టుకోకుండా గట్టు మీద రాయికి ఆనించా. ఇది ముఖ్యం! షార్ప్ వీడియో చేతిలో ఊగితే బిట్లు ఇంకా ఎక్కువ తింటుంది. ఫోన్ కదలకపోతే వెనక చేను, చెట్టు "అట్లే ఉన్నాయి" అని ఎన్‌కోడర్ దాటేస్తుంది. మిగిలిన బిట్లు కాళ్లకి పోతాయి. చివరగా, వీడియోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపినా. అప్పుడు యాప్ మళ్లీ నొక్కదు.

ఆయన చూసి, "రేపొచ్చి చూస్తా" అన్నాడు. చిన్నాయన మాత్రం, "ముందే రమ్మంటే సరిపోయేది కదరా" అన్నాడు. కరెక్టే!

ఈసారి ఎవరి వీడియోలోనైనా కాలు తేడాగా కనిపిస్తే, ముందు వీడియోని అనుమానించండి. ఉంటా మరి, బై!