చేతికి పని, మనసుకు ఊరట

(సంఘం వార్షికోత్సవ ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను సృజనాత్మకత గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట మన ఇళ్లలో ఎవరూ వాడలేదు. ఎర్రమట్టితో గోడ అలికే అమ్మ, వెదురు చీల్చి బుట్ట అల్లే తాత, నాట్లు వేస్తూ పాట కట్టే అత్త తమను కళాకారులని ఎప్పుడూ చెప్పుకోలేదు. అది వాళ్ల బతుకులో భాగం, అంతే. మార్లవాయి కనకరాజు గారు ఆశ్రమ పాఠశాలలో వంట పని చేస్తూనే గుస్సాడీ నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. అవార్డు కోసమైతే ఆయన అన్నేళ్లు ఆడేవారు కాదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. నేను ఆశ్రమ పాఠశాలలో పంతులుగా ఉన్నప్పుడు ఏడో తరగతి సవర పిల్ల ఒకతె హాస్టల్ వెనక గోడ మీద బొగ్గుతో బొమ్మలు వేసింది. కొత్తగా సున్నం వేసిన గోడ. నాకు కోపం వచ్చి, ఆమె చేతనే కడిగించాను. ఆ తరువాత ఆ పిల్ల ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అన్నం కూడా వదిలేసేది.

ఆమె తండ్రి పోయి రెండు నెలలైందని వంటమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. సవర ఇళ్లలో పోయిన పెద్దల కోసం, జబ్బు చేసినప్పుడు గోడ మీద బొమ్మ వేస్తారు. ఆ పిల్ల గోడ పాడుచేయలేదు. నాన్నను తలచుకుంది. నేను దాన్ని కడిగించాను.

మరునాడు ఆమెను పిలిచి, తప్పు నాదేనని చెప్పాను. తరగతి గది గోడ చూపించి, బియ్యప్పిండి కలిపి ఇచ్చాను. వారం రోజులు ముట్టుకోలేదు. తరువాత ఒక సాయంత్రం వేయడం మొదలుపెట్టింది. దుఃఖం పోయిందని నేను అనను. కానీ ఆ బొమ్మలో ఎవరెవరున్నారో తోటి పిల్లలకు చెబుతూ మళ్లీ నోరు విప్పింది.

అప్పటినుంచి నేను పాటించేవి మూడు. ఒకటి, రోజుకు పావుగంట చేతులతో ఏదైనా చేయడం. డోలు కొట్టినా, పూసలు గుచ్చినా, మన భాషలో నాలుగు ముక్కలు రాసినా చాలు. రెండు, చేసిన ప్రతిదాన్నీ ఫోన్‌లో పెట్టి లైకులు లెక్కపెట్టకపోవడం. మూడు, వీలైనప్పుడు నలుగురితో కలిసి చేయడం. థింసాలో ఒకరి నడుము ఒకరు పట్టుకునే ఆడతాం. అడుగు తప్పినవాణ్ని పక్కవాడే సర్దుతాడు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బొమ్మ, పాట మందుకు బదులు కావు. నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా దాచుకోకండి. ఇంట్లో చెప్పండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

తల్లిదండ్రులకు, నా తోటి పంతుళ్లకు ఒకే మనవి. పిల్లలు గోడ మీద ఏదైనా గీస్తే, కడిగించే ముందు అదేమిటని ఒక్కసారి అడగండి.

సెలవు. జై ఆదివాసీ.