ధనుర్మాసములో సైకిలు ప్రయాణము
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



గ్రంథాలయములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ విషయము నాకన్న బాగుగ నెరిగినవారు ఈ వేదికమీదనే ఉన్నారు. నాకు తెలిసినది సైకిలు. 1974 మొదలు 2005 వరకు ఈ కాలువగట్టు వెంబడి 7 మైళ్లు పోయి, పట్టణములో పిల్లలకు పాఠములు చెప్పి, మరల 7 మైళ్లు తిరిగి వచ్చితిని. వేసవి మాట విడిచిపెట్టుదును. మార్గశిర, పుష్య మాసముల వేకువజాముల సంగతి మాత్రము మనవి చేయుదును. ఏలయనగా నేడు మన పిల్లలు 20 మంది ఆ దారినే, ఆ వేళకే ట్యూషనులకు పోవుచున్నారు.

మన డెల్టాలో చలి యెంత? 15, 16 డిగ్రీలకు దిగినచో రగ్గులు వెదకుకొందుము. లంబసింగివారు, ఆదిలాబాదువారు విన్నచో నవ్వుదురు. కాని సైకిలెక్కినవాని లెక్క వేరు. ఆకు కదలకున్నను, గంటకు 10 మైళ్ల చొప్పున మనము పోవునపుడు 10 మైళ్ల గాలి మనమీదికి వీచినట్లే. ఒంటి వేడిమికి చుట్టు ఏర్పడిన పలుచని వెచ్చని పొరను ఆ గాలి ఎప్పటికప్పుడు ఊడ్చుకొనిపోవును. కాళ్లు తొక్కుచుండును గనుక వానికి బాధ లేదు. హ్యాండిలు పట్టుకొన్న వ్రేళ్లు మాత్రము కొయ్యబారును. అట్టి వ్రేళ్లతో బ్రేకు నొక్కుట ఒక క్షణము ఆలస్యమగును. మొదటి యేడు మా అమ్మ నాన్నగారి పాత మేజోళ్లు నా చేతులకు తొడిగి పంపెను. పిల్లలు నవ్వుదురని పొలిమేర దాటగానే తీసి జేబులో వేసికొంటిని. ఆ సిగ్గు మూడు దినములే నిలిచినది.

మరియొక యుపాయము పాత వార్తాపత్రిక. నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల రొమ్మున దోపుకొన్నచో గాలి చొరదు. ఫ్రాన్సు కొండదారులలో పందెములాడువారు శిఖరము దిగునపుడు ఇట్లే చేసెడివారని తరువాత చదివి మిక్కిలి గర్వించితిని. కార్యదర్శిగారు కంగారుపడనక్కరలేదు, మన పఠనాలయపు పత్రికల జోలికి నేను పోలేదు!

చలి ఓర్చుకొనవచ్చును. పొగమంచు అట్టిది కాదు. మబ్బులేని రాత్రి నేల తన వేడిమిని పోగొట్టుకొని చల్లబడగా, దానినంటిన గాలిలోని ఆవిరి సన్నని నీటి తుంపరలగును. ప్రక్కనే కాలువ, వరి కోసిన చేలలో ఇంకను ఆరని తడి. ఇక మంచుకు కొదువ యేమి?

1981 పుష్యమాసములో ఒకనాడు పదవ తరగతి చదువు మన ఊరి పిల్లవాని నొకని వెనుక కూర్చుండబెట్టుకొని బయలుదేరితిని. నా దీపము డైనమో దీపము. అది టైరును రాచుకొని తిరిగిన కొలది వెలుగును. మంచులో మెల్లగ పోదమన్నచో మసకబారును. వెలుగు కొరకు వడిగ తొక్కినచో ఎదుటనున్నది చూచునంతలో మీద పడుదుము. నేను వెలుగునే కోరితిని. ముందు చెరకుబండి పోవుచున్నదని చెరకు కొనలు నా భుజమునకు గ్రుచ్చుకొన్న పిదప గాని తెలియలేదు. పిల్లవాని కనుబొమ చీరుకొనిపోయెను. కంటికి అంగుళము దూరము! బండివాడు నిద్రలో నుండెను. ఎద్దులకు దారి తెలియును. అతడు లేచి, రక్తము చూచి, నాకన్న ఎక్కువగ ఏడ్చెను. ఇరుసు క్రింద లాంతరు కట్టియే యున్నది, కాని అందులో కిరసనాయిలు లేదు. అతనినేమనుటకు నాకు నోరు రాలేదు. వేగముగ తొక్కినది నేను. మరునాడే బ్యాటరీ దీపమొకటి కొని హ్యాండిలుకు కట్టితిని.

ఫిన్లాండు దేశమున ఊలు అను పట్టణము గలదు. డిసెంబరు మాసాంతమున అచ్చట పగలు నాలుగు గంటలైనను ఉండదు. మంచు గడ్డకట్టిన దినములలోను పిల్లలు సైకిళ్లపై బడికి పోవుదురు. 2013లో శీతకాలపు సైకిలు ప్రయాణమును గూర్చి దేశదేశములవారు అచ్చట మహాసభ జరుపుకొనిరి. వారి ఒడలు ఉక్కుతో చేసినవి కావు. సైకిళ్లకు వేరు బాటలు, వానికి దీపములు, తెల్లవారకమునుపే మంచును చదునుచేయు యంత్రములు వారికి గలవు. ధైర్యము పిల్లలది, ఏర్పాటు పెద్దలది.

వేరు బాట మనకిప్పట్లో రాదు. నేడు ఆ గట్టుపై చెరకుబండ్లు లేవు, ట్రాక్టరు ట్రక్కులున్నవి. వెనుక దీపము వెలుగునవి నేను లెక్కించినంతలో మిగుల తక్కువ. కార్యవర్గమువారి కొక విన్నపము: ధనుర్మాసమంతయు ఈ గ్రంథాలయపు వరండాను అయిదు గంటలకే తెరచి, దీపము వేసియుంచిన యెడల, మంచు విడుచువరకు పిల్లలిచ్చట కూర్చుండి చదువుకొందురు. ట్యూషను అయ్యవార్లతో వేళ మార్చు సంగతి నేను మాట్లాడెదను. వెలుగు పడినంతనే మెరయు ఎర్రని పట్టీలు ఈ సంచిలో తెచ్చితిని. ట్రక్కులున్న రైతులు సభ ముగియగానే నాయొద్దకు రండు. అంటించియే ఇంటికి పోవుదును.