పెరట్లోకి గడ్డిమందు రానీయొద్దు

 

ఈ రోజు పెరటి గురించి మాట్లాడతాను. చిన్న విషయం అనుకోకండి. చేన్ల పత్తి వ్యాపారికి పోతుంది, మన గిన్నెలోకి వచ్చేది పెరట్లో టమాట, వంకాయ, చిక్కుడే. ఇప్పుడు పత్తికి కొట్టిన గడ్డిమందే, అదే పంపుతో పెరట్లోనూ కొడుతున్నాం.

గ్లైఫోసేట్‌కు కలుపేదో కూరేదో తెలియదు. పచ్చని ఆకు మీద పడితే వేరు దాకా పోయి చంపుతుంది. గాలికి తుంపర లేస్తే పక్క మడిలో టమాట కూడా మాడుతుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని 'బహుశా క్యాన్సర్ తెచ్చేవి' అనే జాబితాలో పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడొద్దని ఉత్తర్వు ఇచ్చింది. మరి మన తమ్ముడి వీపు మీద పంపు సంగతేంది? పారాక్వాట్ అయితే ఇంకా ఘోరం, కడుపులోకి పోతే విరుగుడే లేదు. అలాంటి మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి పిల్లలు తిరిగే ఇంట్లో పెడుతున్నాం!

ఇంకో మాట. కలుపు అని చంపేవాటిలో మన కూరలు ఎన్ని లేవు? లేత గునుగు, తుమ్మి, గంగవాయిలి, చెంచలి, దొగ్గలి. తొలకరి రోజుల్లో చేతిలో పైసల్లేనప్పుడు మన అవ్వలు పొయ్యి మీదికి ఎక్కించింది వీటినే. మందు కొట్టిన మడిలోంచి తెంపి తింటామా?

"మరి కలుపు ఎవరు తీయాలన్నా?" అంటారు. అసలు ప్రశ్న ఇదే. మన ఇళ్లల్లో కలుపంటే ఆడవాళ్ల పని. మగపిల్లలం కురిపి ముట్టం, పంపు మాత్రం ఉషారుగా ఎత్తుకుంటాం. పెరడంటే ఎంత, రెండు గుంటలు. పొద్దున గంటసేపు కూర్చోలేమా?

విత్తే ముందు మడి తడిపి వారం పది రోజులు ఆగండి. మొలిచిన కలుపును పైపైన గీకేసి అప్పుడు విత్తండి. లోతుగా తవ్వితే కింది గింజలు పైకొచ్చి మళ్లీ మొలుస్తాయి. మొదటి నెల, నెలన్నర మొక్కలను కాపాడుకుంటే తర్వాత వాటి నీడే కలుపును అణుస్తుంది. మధ్యలో ఎండుటాకో వరిగడ్డో నాలుగు వేళ్ల మందం పరచండి, మొక్క మొదలుకు మాత్రం తగలనీయకండి. వయ్యారిభామను పూతకు ముందే, చేతికి గుడ్డ చుట్టుకుని పీకండి.

తుంగ ఒక్కటే మొండిది. గడ్డ భూమిలో ఉన్నంతకాలం పైన ఎంత పీకినా లేస్తుంది. ఎండాకాలం తవ్వి గడ్డలు ఏరి ఎండకు పడేయాలి. వానలకు అక్కడ అలసంద దట్టంగా వేయండి, తుంగకు నీడ పడదు. ఒక్క ఏడాదిలో పోతుందని అబద్ధం చెప్పను.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి కురిపీలు పట్టుకుని రండి. ఒంటరిగా ఉండే అవ్వల పెరళ్లతో మొదలు పెడదాం. ముందు వరుసలో మగపిల్లలే కూర్చోవాలి.