కాలువ వెంట కాపురాలు: తుంగభద్ర క్యాంపుల తొలితరం

పెద్దలను తలుచుకోవడానికి భీమడోలులో చేరాం. ఈ ప్రాంతం విడిచి వెళ్లిన వాళ్లను కూడా ఈ పూట తలుచుకోవాలి. కర్ణాటకలో సింధనూరు, గంగావతి, మాన్వి వైపు వెళితే ఊరిపేరు చివర 'క్యాంపు' అన్న మాట పదేపదే వినిపిస్తుంది. ఆ ఊళ్లలో ఇంటిభాష తెలుగు. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతుకుటుంబాలు వెళ్లి కట్టుకున్న ఊళ్లవి.

కథకు మొదలు మన కాలువలోనే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా కాలువ పారింది. రెండు మూడు తరాలు తిరిగేసరికి కాలువసేద్యం ఇక్కడివాళ్లకు వెన్నతో పెట్టిన విద్య అయింది. మాగాణి ధర పెరిగింది. అన్నదమ్ముల పంపకాల్లో కమతాలు చిన్నవయ్యాయి. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక కోస్తా రైతులు బోధన్, వర్ని ప్రాంతాలకు చేరారు. 1953లో తుంగభద్ర ప్రాజెక్టు నుంచి నీళ్లు వదలగానే చూపు అటు మళ్లింది. ఇక్కడ ఎకరం అమ్ముకుంటే అక్కడ అంతకు ఎన్నోరెట్ల రేగడి చేతికొచ్చేది.

బెజవాడలో పెద్దబండి దిగి, మీటరుగేజి బండెక్కి, గుంతకల్లు మీదుగా ప్రయాణం. ఈ క్యాంపులు వెలిసిన రాయచూరు జిల్లా అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. 1956 నవంబరు 1న అది మైసూరు రాష్ట్రంలో కలిసింది. ముందే వెళ్లి స్థిరపడిన కుటుంబాలకు గడప దాటకుండానే రాష్ట్రం మారిపోయింది.

అక్కడి రేగడి అంతవరకు వాన మీద జొన్న, పత్తి పండిన నేల. దాన్ని మడి చేయాలి. వాలు చూసి గట్టు వేయాలి, మెరక చెక్కాలి, బోదెలు తీయాలి, దమ్ము చేయాలి. తొలి ఏళ్లలో కాపురం పాకలోనే. వాన పడితే రేగడి బురదలో బండిచక్రం కదలదు, మనిషి కాలు పైకి రాదు. కాలువలు, వరిమళ్లు పెరిగినచోట దోమ పెరిగింది, దోమతోపాటు చలిజ్వరం.

ఇంత కష్టమూ మగవాళ్లదేనన్నట్టు చెప్పుకుంటాం. అది సగం చరిత్ర. బురదనీళ్లను వడగట్టి, కుండలో చిల్లగింజ అరగదీసి తేర్చుకోవడం గోదావరి ఇల్లాలికి పుట్టింట అబ్బిన విద్య. పొయ్యిలోకి మాత్రం పత్తికట్టె కొత్త. ఇరుగుపొరుగు తినేది జొన్నరొట్టె, తమ కంచంలో వరన్నం. సంతలో బేరానికి నాలుగు కన్నడ మాటలు నేర్వక తప్పదు. పురిటికి పుట్టిల్లు రెండురోజుల దూరం. పిల్లలకు బడిలో కన్నడ అక్షరాలు, ఇంట్లో మన యాస. ఆ పిల్లలే పెద్దవాళ్లకు దుబాసీలయ్యారు.

ఈ కథలో నొప్పి కూడా ఉంది, దాన్ని దాచకూడదు. నేల చదును చేసుకునే పెట్టుబడి లేక చవగ్గా అమ్ముకున్న స్థానిక రైతులున్నారు. తమ ఊరి నేలలోనే కూలికి వెళ్లినవారున్నారు. పైగా ప్రాజెక్టు వేసినవారి లెక్క వేరు. కొద్దినీటిని ఎక్కువ నేలకు పంచి ఆరుతడి పంటలు పండించాలన్నది వారి ఉద్దేశం. వరికి కేటాయించింది కొంత భాగమే. మనవాళ్లకు కాలువ కనిపిస్తే వరే గుర్తొచ్చింది. వాళ్లను చూసి చుట్టుపక్కలవాళ్లూ వరే వేశారు. గంగావతిలో బియ్యపు మిల్లులు వెలిశాయి, ఆ ప్రాంతమంతా ధాన్యరాశి అయింది. ఎగువ మళ్లు నిండే వేళకు కాలువ చివర రాయచూరు వైపు పొలాలకు నీరు అందేది కాదు. ఎగువనా కొన్నిచోట్ల నీరు నిలిచి చౌడు తేలింది. శివారు రైతు కష్టం మన డెల్టాకు తెలియనిది కాదు. కాబట్టి ఆ సంగతి చెప్పకుండా వలస గొప్ప చెప్పుకోవడం అన్యాయం.

ఎకరాలు, శిస్తులు, నీటి లెక్కలు ప్రభుత్వ దస్త్రాల్లో ఉన్నాయి. తొలి ఏడు పొయ్యి ఎక్కడ పెట్టారో, జ్వరంలో బిడ్డను ఎవరింట ఉంచారో, రొట్టె తట్టడం ఏ పొరుగమ్మ నేర్పిందో ఏ దస్త్రంలోనూ లేదు. పాకల్లో కాపురం పెట్టిన కోడళ్లలో మిగిలినవారికి ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్లు. ఈ సభలో ఉన్న ప్రతి ఇంటికీ ఒక్క విన్నపం. క్యాంపుల్లో మీ మేనత్తలు, పిన్నమ్మలు ఎవరైనా ఉంటే, రాబోయే సంక్రాంతికి వాళ్లు వచ్చినప్పుడు పక్కన కూర్చుని అడగండి. వాళ్ల మాటల్లోనే, ఆ కన్నడ ముక్కలతో సహా, రాసి పెట్టండి.