చిల్లుల చీటీలను చదువుట



మన పూర్వులు తాటాకునకు రంధ్రము చేసినది త్రాడు గ్రుచ్చుటకు. అక్షరమును గంటముతో వ్రాసిరి. అమెరికాదేశమున 1890వ సంవత్సరపు జనాభాలెక్కలకై హెర్మన్ హాలెరిత్ అను ఇంజనీరు అట్టచీటీపై రంధ్రమునే గుర్తుగా జేసెను. తరువాత కంప్యూటరులకును అట్టి చీటీలే చిరకాలము వాడిరి. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి వచ్చిన ఐ.బి.ఎమ్. 1620 యంత్రము అట్టిదే. నేడు ఆ చీటీలను చదువు యంత్రములు అరుదు. కావున ఏ పాతపెట్టెలోనైన అట్టి కట్ట దొరకినచో పనికిరానిదని పొయ్యిలో వేయకుడు. కంటితోనే చదువవచ్చును.

ఐ.బి.ఎమ్. వెలువరించిన చీటీ మిక్కిలి ప్రచారమొందినది. అందు 80 నిలువు వరుసలు, 12 అడ్డువరుసలు కలవు. ఒక్కొక్క నిలువు వరుస ఒక్క అంకెకో, ఒక్క ఇంగ్లీషు అక్షరమునకో స్థానము. సాధారణముగా చీటీపై 0 మొదలు 9 వఱకు అంకెలు అచ్చువేసియుండును. 0 పైకి, 9 క్రిందికి ఉండునట్లు పట్టుకొనుడు. 0కు పైన నున్న రెండు వరుసలలో మొదటిదానిని 12 అనియు, దాని క్రిందిదానిని 11 అనియు పిలుతురు.

నిలువు వరుసలో ఒక్క చిల్లే యుండి, అది అచ్చంకెపై పడినచో, ఆ అంకెయే చదువవలయును. 12తో 1 మొదలు 9 వఱకు ఏదేని జతపడిన, వరుసగా ఏ మొదలు ఐ వఱకు అక్షరములు. 11తో జతపడిన జే మొదలు ఆర్ వఱకు. 0తో 2 మొదలు 9 వఱకు జతపడిన ఎస్ మొదలు జెడ్ వఱకు. చిల్లు లేనిచోట ఖాళీ. ఇతర కూర్పులు కామా మొదలగు చిహ్నములు.

ఒక ఉదాహరణము. మొదటి నిలువు వరుసలో 11, 9. రెండవదానిలో 12, 1. మూడవదానిలో 11, 4. నాల్గవదానిలో 12, 1. అనగా ఆర్, ఏ, ఎమ్, ఏ. రామ నామమైనది.

ఒక్క జాగ్రత్త. పైకమును తెలుపు స్థానమున చివరి అంకెపై 11 చిల్లు కూడ నున్నచో, అది అక్షరము గాకపోవచ్చును. ఆ మొత్తము ఋణమని తెలుపు గుర్తుగా అట్లు వేయు వాడుక కలదు. దీని నెఱుగనివాడు అప్పును జమగా చదువును. కావున చుట్టునున్న లెక్కను చూచియే నిర్ణయింపవలయును.

కట్ట విప్పుటకు ముందు పైయంచు చూడుడు. క్రమము చెదరిన వెంటనే తెలియుటకై కొందఱు అంచుపై ఐమూలగా సిరాగీత గీసెడివారు. పత్రాంకములు లేని తాటాకులు చెదరిన గ్రంథమెట్లు చెడునో, ఇదియు నట్లే చెడును. చీటీలను వరుస తప్పింపక, తడి తగులనీయక, ఒక్కొక్కదానిని చదివి కాగితముపై వ్రాసి యుంచుడు.