గుట్ట తొవ్వ బాగుచేద్దామని పోయి మేం చేసిన తప్పు

ఈ ఎపిసోడ్‌లో మా సారంగాపూర్ దిక్కు ఉన్న ఒక గుట్ట గురించి మాట్లాడతా. పేరు మాత్రం చెప్పను. కామెంట్లలో అడిగినా చెప్పను. ఎందుకో వింటుంటే మీకే తెలుస్తది.

మన జగిత్యాల జిల్లాలో ఉత్తరానికి పోయినా కొద్దీ టేకు, మోదుగ, తునికి, ఇప్ప చెట్ల అడవి వస్తది. ఇంకా పోతే గోదావరి, అది దాటితే కవ్వాల్ దిక్కు. ఆ అడవిలో మా గుట్ట ఒకటి. పైకి ఒక తొవ్వ ఉంది. ఎవరూ వేసింది కాదు. మేకలు, మేకల వెనక మనుషులు నడిచి నడిచి పడ్డ తొవ్వ. నిటారుగా పోదు, గుట్ట చుట్టూ వంకలు తిరుక్కుంటూ పోతది. చిన్నప్పుడు "ఇంత సుట్టు ఎందుకురా" అనుకునేవాణ్ని. ఆ సుట్టు ఎందుకో నాకు ఇరవై ఏడేళ్లకు అర్థమైంది.

రెండేళ్ల కింద వానాకాలంలో ఆ గుట్ట మీద ఒక వీడియో తీసిన. మబ్బులు, పచ్చదనం, కింద చెరువు. లొకేషన్ కూడా పెట్టిన. మీలో చాలామంది చూసిండ్రు, థ్యాంక్స్ కూడా చెప్పిండ్రు. ఆ తర్వాత ఆదివారం వస్తే కింద ముప్పై, నలభై బండ్లు. వచ్చినోళ్లకు వంకర తొవ్వ ఎందుకు? అందరూ నిట్టనిలువుగా ఎక్కిండ్రు. గడ్డి పోయింది, మట్టి తేలింది. ఇక వాన నీళ్లకు కూడా ఆ దారే దొరికింది. మరుసటేడు నేను పోయేసరికి అక్కడ మోకాలు లోతు గండి. కింద మేకలు తోలుకొచ్చే ఒక కాక నన్ను గుర్తుపట్టి, "బిడ్డా, నీ వీడియో ఏమో గాని, మా మేకకు కాలు ఇరిగింది" అన్నడు. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

సరే, మనం పాడు చేసినం, మనమే బాగుచేద్దాం అనుకున్నం. తొమ్మిది మంది దోస్తులం, కొడవళ్లు, ఒక పెయింట్ డబ్బా పట్టుకొని పోయినం. తొవ్వకు అటూ ఇటూ పొదలు కొట్టేసినం. బండల మీద ఎర్ర బాణాలు గీసినం. మంచి పని చేస్తున్నమన్న ఫీలింగ్‌లో ఉన్నం. అప్పుడు బీట్ ఆఫీసర్ సార్ వచ్చిండు.

అది రిజర్వ్ ఫారెస్ట్. 1967 అటవీ చట్టం ఇప్పటికీ మన దగ్గర అమల్లో ఉంది. దాని ప్రకారం రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా చెట్లు కొట్టినా, నేల చదును చేసినా, నిప్పు పెట్టినా నేరమే. "సేవ చేస్తున్నం సార్" అంటే కూడా నేరమే. సార్ కేసు రాయొచ్చు, రాయలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి ఒకటే అడిగిండు: "మీరు కొట్టిన పొదలు తొవ్వకు అడ్డమా, లేక జనాన్ని తొవ్వ మీదనే ఉంచే కంచెనా?"

మా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్లూ జనం పక్కకు పోకుండా ఆపింది ఆ పొదలే. మేం వాటిని తీసేసి గుట్ట మొత్తాన్ని తొవ్వ చేసి పెట్టినం. ఆఫీసులో ఉన్నప్పుడు ఒక బగ్ సరిచేయబోయి ఇంకో మూడు తెచ్చిన రోజులు గుర్తొచ్చినయి.

తర్వాత సార్ చెప్పినట్టు రేంజ్ ఆఫీసుకు లెటర్ పెట్టుకున్నం. ఏ పని, ఎంతమంది, ఏ రోజు, అన్నీ రాసినం. సిబ్బంది ఎవరో ఒకరు ఉన్నప్పుడే పని, పచ్చ చెట్టు మీద చెయ్యి వేయొద్దు అన్న షరతులతో ఒప్పుకున్నరు. బాణాలు గీసిన బండలను మేమే వైర్ బ్రష్‌లతో రుద్దినం. సగం రోజు పట్టింది, ఇప్పటికీ మరక కనిపిస్తది.

అసలు పని ఏంటంటే నీళ్లు. తొవ్వను పాడుచేసేది మనిషి కాలి కన్నా ఎక్కువ వాన నీళ్లే. కాలు మట్టిని వదులు చేస్తది, నీళ్లు దాన్ని ఎత్తుకపోతయి. నీళ్లు తొవ్వ పొడుగునా పారకుండా పక్కకు దిగిపోవాలి. అందుకే తొవ్వ కొంచెం, అంటే చూస్తే తెలియనంత, లోయ వైపుకు వాలి ఉండాలి. ఎక్కువ ఏటవాలు ఉన్న చోట తొవ్వకు అడ్డంగా, నేరుగా కాకుండా కాస్త మూలగా, పెద్ద రాళ్లు పాతాలి. రాయి సగానికి పైగా భూమిలో ఉండాలి, లేకపోతే మొదటి వానకే దొర్లిపోతది. వచ్చిన నీళ్లు ఆ రాళ్లకు తగిలి పక్కకు మళ్లుతయి. మేకల తొవ్వ వంకలు తిరగడం కూడా ఇందుకే పనికొచ్చింది. సుట్టు తిరిగే తొవ్వ మీద నీళ్లకు ఉరకడానికి జాగా దొరకదు.

గండి సంగతి వేరే. దాన్ని మట్టితో నింపితే వానకు మట్టి మొత్తం చెరువులోకి పోతది. గండిలో అక్కడక్కడా చిన్న చిన్న రాతికట్టలు కట్టాలి. ఈ పని నాకు యూట్యూబ్ నేర్పలేదు. ఊళ్లో ఉపాధి హామీ పనికి పోయిన ఇద్దరు అమ్మలు వచ్చి నేర్పిండ్రు. పెద్ద రాళ్లు కింద, చిన్నవి సందుల్లో, కట్ట నడిమిట్ల కొంచెం పల్లంగా. నడుమ పల్లం లేకపోతే నీళ్లు పక్కల నుంచి కోసుకపోతయట. నేను బీటెక్ చదివిన, ఆమె బడికి పోలేదు. నా కట్ట ఒక్క వానకు పోయింది, ఆమె కట్ట ఇప్పటికీ ఉంది, వెనక మట్టి నిండి గడ్డి కూడా మొలిచింది.

అడ్డదారులను మాత్రం మూసినం. చేనుకు కంచె వేసినట్టు ఎండు ముళ్లకంప అడ్డం పెట్టినం. నాలుగు ఆదివారాలు, పన్నెండు మందిమి చేస్తే మూడొందల మీటర్లు అయింది. అంతే. ఇంకా చాలా ఉంది.

లాంటానా గురించి కూడా చెప్పాలె. రంగురంగుల చిన్న పూల గుత్తులు, ఆకు నలిపితే ఘాటు వాసన, మీరంతా చూసే ఉంటరు. దాదాపు 200 ఏళ్ల కింద తోటల అందం కోసం కలకత్తాకు తెచ్చిన మొక్క ఇప్పుడు దేశంలోని అడవుల్లోకి పాకింది. పశువులు తింటే విషం. కొడవలితో కొడితే ఇంకా గుబురుగా లేస్తది. నేల కింద మూడు అంగుళాల లోతున వేరు కాడ తెంపి, మొక్కను పైకి లేపి తలకిందులుగా పెట్టాలి. కాయ పండకముందే చేయాలి, లేకపోతే పిట్టలు గింజలను మోసుకపోతయి. సిబ్బంది చూపించిన పొదల మీదనే ఈ పని చేసినం, ఆ ఖాళీ జాగాలో ఏం మొలుస్తదో ఈ వానాకాలం చూడాలె.

అమెరికాలో ఉన్న మనోళ్లు కొందరు అపలాచియన్ ట్రెయిల్ మీద నడిచిన ఫొటోలు పంపుతుంటరు. జార్జియా నుంచి మెయిన్ దాకా, 14 రాష్ట్రాల గుండా, దాదాపు 3,500 కిలోమీటర్లు. 1921లో ఒకాయన ఆలోచన రాస్తే, 1937కల్లా తొవ్వ కలిసింది. ఇప్పటికీ దాన్ని ముక్కలు ముక్కలుగా పంచుకొని చూసుకునేది ఎక్కువగా స్థానిక క్లబ్బుల వలంటీర్లే. మన దగ్గర అంత లేదు. కానీ మన నల్లమలలో సలేశ్వరం చూడండి, చైత్ర పౌర్ణమి చుట్టూ కొన్ని రోజులే జనాన్ని వదులుతరు, మిగతా ఏడాది మూస్తరు. మూయడం కూడా తొవ్వను చూసుకోవడమే అని నాకు ఇప్పుడు అనిపిస్తది.

ఎండాకాలం మాట ఒకటి, ఇది సీరియస్. ఫిబ్రవరి, మార్చికల్లా టేకు ఆకు రాలి నేలంతా కాగితాలు పరిచినట్టు ఉంటది. ఒక్క బీడీ చాలు. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెకింగ్‌కు పోయినోళ్లు మంటల్లో చిక్కుకున్నరు. 20 మందికి పైగా చనిపోయిండ్రు. గాలి, ఎండుగడ్డి, పైకి ఏటవాలు, ఈ మూడు కలిస్తే మంట మనిషి కన్నా వేగంగా ఎక్కుతది. అందుకే ఫారెస్ట్ వాళ్లు ఎండలు ముదరకముందే ఫైర్ లైన్లు వేస్తరు, అంటే ఒక పట్టీ లాగా ఆకులు ఊడ్చి మట్టి తేలుస్తరు. ఈసారి మేం కూడా వాళ్లతో పాటు చీపుర్లు పట్టినం. వీపు రెండు రోజులు లేవలేదు, రీల్ తీయడానికి కూడా ఏం లేదు, ఆకులే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లారగట్ల మాత్రం పోవద్దు, ఎలుగుబంట్లు కూడా దానికే వస్తయి.

పాత వీడియోలో లొకేషన్ తీసేసిన. వీడియో తీసేద్దామా అని కూడా అనుకున్న, కానీ దాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న పేజీలు చాలా ఉన్నయి. అది నా చేతిలో లేదు. గండి మాత్రం ఉంది.

వానలకు ముందు ఇంకో రెండు ఆదివారాలు పని ఉంది. అనుమతి 15 మందికే. జగిత్యాల, రాయికల్, బీర్పూర్ దిక్కు ఉన్నోళ్లు మెసేజ్ పెట్టండి, ఎక్కడికి రావాలో ఫోన్‌లో చెప్తా. బూట్లు, నిండు చేతుల చొక్కా, రెండు లీటర్ల నీళ్లు తెచ్చుకోండి. గడ్డపారలు, తట్టలు మా దగ్గర ఉన్నయి. కొడవలి తేవద్దు. బండ్లు ఊళ్లోనే పెట్టి నడిచి పోతం. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి పదింటికి ఆపేస్తం, ఆ అమ్మలు వస్తమన్నరు, కట్టలు ఎట్ల కట్టాలో వాళ్లే చెప్తరు.